పారిస్ ఆర్గన్, ప్రొద్దుటూరు అవధానం, సురభి హార్మోనియం

ఈ ఎపిసోడ్‌లో మన సీమకి ఏ సంబంధమూ లేనట్టు కనిపించే ఒక సంగీతం గురించి మాట్లాడుకుందాం. ఫ్రాన్స్ దేశపు పైప్ ఆర్గన్, దాని మీద అప్పటికప్పుడు అల్లే సంగీతం, ఆ రికార్డింగులు. ఎర్రగుంట్లలో కూర్చుని పారిస్ చర్చిల ఆర్గన్ వినడం ఏంటి అని మీకు అనిపించొచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఈ కథ సురభి దాకా, ప్రొద్దుటూరు దాకా వస్తుంది.

2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోత్ర్‌దామ్ చర్చి తగలబడటం టీవీల్లో చూసే ఉంటారు. పైకప్పు కాలిపోయింది, శిఖరం కూలిపోయింది. కానీ లోపలున్న పెద్ద ఆర్గన్ మిగిలింది. దాదాపు 8,000 గొట్టాల వాద్యం అది. మంటలు దాన్ని తాకలేదు గానీ, సీసం ధూళి కమ్మేసింది. దాన్ని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించారు. 2024 డిసెంబర్ 7న చర్చి తిరిగి తెరిచిన రోజు, ఆర్చిబిషప్ ఆ ఆర్గన్‌ని ఎనిమిది సార్లు పిలిచారు. ఎనిమిది సార్లూ ఆర్గన్ జవాబిచ్చింది. ఆ జవాబులు ముందు రాసిపెట్టుకున్న స్వరాలు కావండి. నలుగురు ఆర్గనిస్టులు వంతులవారీగా అక్కడికక్కడ కల్పించి వాయించారు. అంత పెద్ద సభలో, ప్రపంచమంతా చూస్తుండగా, మనోధర్మాన్ని నమ్ముకున్నారన్నమాట.

అసలు పైప్ ఆర్గన్ అంటే ఏమిటో చూద్దాం. సూత్రం మన పిల్లనగ్రోవిదే. గొట్టంలోకి గాలి పోతే స్వరం పుడుతుంది. గొట్టం పొడుగైతే స్వరం కిందికి దిగుతుంది. అట్లాంటి గొట్టాలు వేలల్లో ఉంటాయి. కొన్ని వేలంత ఉంటే, అన్నిటికన్నా పొడుగైనది 32 అడుగులు, అంటే దాదాపు 10 మీటర్లు. దాని శబ్దం చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. గాలి కోసం తిత్తులు, వాయించడానికి చేతులకి నాలుగైదు వరసల మెట్లు, కాళ్లకి ఇంకో వరస.

వీటిని కొత్త దారి పట్టించినవాడు అరిస్తిద్ కావయే-కోల్. 1811లో పుట్టాడు, 1899లో పోయాడు. 1862లో పారిస్‌లోని సాంసుల్పీస్ చర్చి ఆర్గన్, 1868లో నోత్ర్‌దామ్ ఆర్గన్ పూర్తిచేశాడు. ఒక్క మనిషి చేతికింద మొత్తం వాద్యబృందం పలకాలి అన్నది ఆయన పట్టుదల. అందుకే ఫ్రెంచి ఆర్గన్ సన్నటి గుసగుస నుంచి ఉరుము దాకా మెల్లగా పెరుగుతుంది, మెల్లగా తగ్గుతుంది.

ఇప్పుడు మన ఊళ్లకి వద్దాం. ఇంత పెద్ద వాద్యం కొనలేని చిన్న చర్చిల మాటేమిటి? వాటికి పనికొచ్చిన వాద్యమే హార్మోనియం. 1842లో అలెగ్జాండర్ దెబాఁ అనే ఆయన పారిస్‌లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. గొట్టాల బదులు లోహపు రీడ్లు పెట్టాడు. అప్పట్లో కాళ్లతో తొక్కి గాలి కొట్టాల్సిన పెట్టె అది. తర్వాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొట్టేలా మార్చాడు. అక్కడినుంచి దేశమంతా పాకింది. హార్మోనియం ముందు లాగే గుబ్బలు చూశారా? వాటిని స్టాప్‌లు అంటాం. ఆ పేరూ ఆ పద్ధతీ పెద్ద ఆర్గన్ నుంచి వచ్చినవే.

1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం 'కీచక వధ' ఆడింది. సురభి నాటక సమాజం అక్కడే పుట్టింది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పాటలూ పద్యాలూ ఉన్న నాటకాలకి ఊపిరి పోశారు. ఈ రంగస్థలానికి హార్మోనియం ప్రాణమైంది. నటుడు పద్యం చివర రాగం తీస్తాడు. ఎంతసేపు తీస్తాడో ముందు ఎవరికీ తెలీదు. జనం వన్స్ మోర్ అంటే మళ్లీ ఇంకో రకంగా తీస్తాడు. హార్మోనిస్టు అతని గొంతు వెంటే నడవాలి, శ్వాస తీసుకున్నప్పుడు ఖాళీ నింపాలి, తర్వాతి పద్యానికి దారి చూపాలి.

సరిగ్గా ఇదే పని పారిస్ ఆర్గనిస్టుది. పూజలో ఫాదర్ పీఠం దగ్గరికి నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం. ఆ వ్యవధిని సంగీతంతో నింపాలి, ఆయన చేరగానే అందంగా ముగించాలి. అందుకే ఫ్రాన్స్‌లో ఇది ఒక చదువైంది. పారిస్ కన్సర్వేటరీలో 1872 నుంచి సెజార్ ఫ్రాంక్ చెప్పిన ఆర్గన్ తరగతిలో ఎక్కువ భాగం అప్పటికప్పుడు కల్పించి వాయించడమే.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకి ఇంకా దగ్గరి పోలిక అవధానం. మన పక్కనే ఉన్న ప్రొద్దుటూరు దుర్భాక రాజశేఖర శతావధాని, సి.వి. సుబ్బన్న శతావధాని వంటి వాళ్ల ఊరు. పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు. అవధాని ఛందస్సు తప్పకుండా అక్కడికక్కడ పద్యం చెప్తాడు. ఫ్రెంచి ఆర్గన్ కచేరీలోనూ అంతే. సభలో ఎవరో ఒక స్వరపంక్తి రాసి ఇస్తారు. దాని మీద ఫ్యూగ్ లాంటి కట్టుదిట్టమైన ప్రక్రియని ఆర్గనిస్టు ఆశువుగా నడిపించాలి. 1921 డిసెంబర్ 8న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మార్సెల్ ద్యుప్రేకి ఇలాగే కొన్ని చర్చి పాటల వరసలు ఇస్తే, నాలుగు భాగాల సింఫనీ మొత్తం కల్పించి వాయించాడు. తర్వాత దాన్నే కాగితం మీద తిరగరాశాడు.

లూయి వియెర్న్ సంగతి వేరు. దాదాపు చూపులేని మనిషి. నోత్ర్‌దామ్‌లో 1900 నుంచి ఆర్గనిస్టు. 1937 జూన్ 2న తన రాతలు వాయించి, ఇచ్చిన వరస మీద ఆశువుగా వాయించబోతూ, ఆర్గన్ దగ్గరే కుప్పకూలిపోయాడు. పక్కనే శిష్యుడు మోరిస్ ద్యురుఫ్లే ఉన్నాడు.

ఈ శిష్యుడి పేరు గుర్తుపెట్టుకోండి. వియెర్న్ 1928లో నోత్ర్‌దామ్‌లో మూడు ఆశు రచనలు గ్రామఫోన్‌కి ఇచ్చాడు. 1930, 31లో సెయింత్‌క్లోతిల్ద్ చర్చిలో షార్ల్ తూర్నెమీర్ ఐదు ఇచ్చాడు. వాళ్లిద్దరూ పోయాక, ద్యురుఫ్లే ఆ డిస్కుల్ని వింటూ ప్రతి స్వరాన్నీ కాగితం మీదికి ఎక్కించి అచ్చు వేయించాడు. ఒక్క క్షణంలో పుట్టి గాలిలో కలిసిపోవాల్సిన సంగీతాన్ని ఈరోజు ప్రపంచమంతా వాయిస్తున్నారు. కారణం రెండే. ఒకరు రికార్డు చేశారు, ఇంకొకరు శ్రద్ధగా విన్నారు.

ఇంకో ముచ్చట చెప్పాలి. 1931 నుంచి 1992లో పోయేదాకా పారిస్ ట్రినితే చర్చిలో వాయించిన ఒలివియే మెస్సియాన్‌కి, ఒక ఫ్రెంచి సంగీత విజ్ఞాన సర్వస్వంలో మన శార్ఙ్గదేవుని 120 దేశీ తాళాల పట్టిక కనిపించింది. 13వ శతాబ్దపు 'సంగీత రత్నాకరం'లోని తాళాలవి. మన రాచకొండ సింగభూపాలుడి పేరున వ్యాఖ్యానమున్న గ్రంథం అది. 1951 నాటి మెస్సియాన్ ఆర్గన్ పుస్తకంలో మొదటి రచన ప్రతాపశేఖరం, గజఝంప, సారస తాళాల మీద నడుస్తుంది. హార్మోనియం పారిస్ నుంచి మనకొచ్చింది, తాళం మన దగ్గర నుంచి పారిస్ పోయింది.

వినాలనుకునేవాళ్లకి ఒక మాట. ముందు విడోర్ టొకాటాతో మొదలుపెట్టండి. 1879 నాటిది, దాదాపు ఆరు నిమిషాలే. తర్వాత 1955 నుంచి 1984 దాకా నోత్ర్‌దామ్‌లో వాయించిన పియేర్ కొషెరో ఆశు రికార్డింగులు వినండి. ఫోన్ స్పీకర్లో కాదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. లేకపోతే కింది స్వరాలు అసలు వినపడవు. వరస ఎక్కడ మొదలైందో పట్టుకుని, అది ఎన్ని వేషాలు మారుస్తుందో చూడండి. ఆలాపన వినే చెవికి ఇదేం కష్టం కాదు.

చివరిగా అసలు విషయం. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. గమకం పలకదు, మన సంగీతానికి పనికిరాదు అన్నారు. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. అంటే దేశంలో రికార్డు చేసే పెద్ద సంస్థ తలుపు ఆ వాద్యానికి 30 ఏళ్లు మూసి ఉంది. గ్రామఫోన్ ప్లేట్లలో పద్యనాటక గాయకుల గొంతులు దక్కాయి గానీ, అవి మూడేసి నిమిషాలు. తెల్లవార్లూ నాటకాన్ని నడిపించిన హార్మోనిస్టు కల్పన వాటిలో ఎంత పడుతుంది? అవధాని పద్యాన్ని పక్కన ఎవరో ఒకరు రాసుకునేవాళ్లు. హార్మోనిస్టు స్వరాన్ని ఎవరు రాసుకున్నారు?

కాబట్టి మీ ఊళ్లో, జమ్మలమడుగు వైపో, ముద్దనూరు వైపో, నాటకాలకి వాయించిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఈ ఆదివారమే పోయి కూర్చోండి. ఫోన్ చాలు. ఏ నాటకం, ఏ పద్యం, ఏ రాగం, తేదీ, ఊరు ముందే చెప్పించి రికార్డు చేయండి. ఇంట్లో పాత నాటకాల క్యాసెట్లుంటే పారేయకుండా కంప్యూటర్లోకి ఎక్కించండి. పారిస్‌లో ఒక ద్యురుఫ్లే ఉన్నాడు. మనకి ఆ పని మనమే చేసుకోవాలి.

మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.