పరపతి, చెల్లు

మన భాషలో ‘పరపతి’ అనే మాటకు రెండర్థాలు. ఊళ్లో మాట చెల్లడమూ పరపతే, అప్పు పుట్టడమూ పరపతే. అందుకే 1904 చట్టం కింద వచ్చిన సంఘాలకు మనవాళ్లు సహకార పరపతి సంఘాలని పేరు పెట్టుకున్నారు. ఆ ఏడాదే నాటి మద్రాసు రాష్ట్రంలోని కంచిలో పట్టణ పరపతి సంఘం రిజిస్టరయింది. సభ్యుడు ఎలాంటివాడో సాటి సభ్యులకు తెలిసి ఉండటమే అలాంటి సంఘాలకు ధైర్యం.

మా నాన్నగారు ప్రామిసరీ నోటు మీద అప్పు తెచ్చినప్పుడు, ఎంత కట్టినా నోటు వెనక చెల్లు రాయించేవారు. ఆఖరి రూపాయి ఇచ్చాక నోటు చేతిలోకి తీసుకుని, అక్కడే చింపందే ఇంటికి వచ్చేవారు కాదు. అప్పు తీర్చడం ఒక పని, తీరినట్టు రాయించుకోవడం రెండో పని అనేవారు. చాదస్తమనుకున్నాను.

మన ఉద్యోగకాలంలో సొసైటీ లోనుకు తోటి ఉద్యోగుల షూరిటీ సంతకాలు అడిగేవారు. వాయిదా జీతం బిల్లులోనే కోత పడేది. అప్పు తీసుకున్నవాడు తప్పిస్తే షూరిటీ జీతంలో కోత. అలా స్నేహితుణ్ణి ఇరికించినవాడికి మళ్లీ సంతకం పెట్టేవాళ్లు దొరికేవారు కాదు. అయితే ఏడాదిపాటు సక్రమంగా కట్టుకొచ్చి, టీకొట్టు దగ్గర నాలుగు మంచి మాటలు చెప్పుకుంటే ఎవరో ఒకరు కరిగేవారు. పరపతి పోవడమూ, తిరిగి రావడమూ ఆఫీసు వరండాలోనే జరిగిపోయేవి.

బ్యాంకుల సంగతి వేరు. ఖాతాదారు వివరాలు బయటపెట్టకూడదన్నది వాటి సంప్రదాయం. ఒక బ్యాంకులో ఎగ్గొట్టిన సంగతి పక్క వీధి బ్యాంకుకు తెలిసే మార్గం దాదాపు లేదు. 1994లో రిజర్వు బ్యాంకు, కోటి రూపాయలు ఆపైన బకాయిపడ్డ వారి జాబితాను బ్యాంకులకు అందించే ఏర్పాటు చేసింది. కోటీశ్వరుల జాబితా కనుక మన పేర్లకు అందులో చోటు లేదు! 2000లో సిబిల్ ఏర్పడి, 2004 నుంచి మామూలు మనుషుల అప్పుల చిట్టా కూడా ఇవ్వసాగింది. 2005లో ఇందుకు పార్లమెంటు చట్టం చేసింది. ఇప్పుడు ఇలాంటి సంస్థలు నాలుగున్నాయి. మన వాయిదాల చరిత్రంతా 300 నుంచి 900 లోపు ఒక అంకెగా మారింది.

ఈ అంకె నాకూ తగిలింది. 2007లో సహోద్యోగి ఒకరి ఇంటి అప్పుకు షూరిటీ పెట్టాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, షూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ఆయన కొన్ని వాయిదాలు తప్పినా, 2014లో మొత్తం కట్టేశారు. 2019లో మనవరాలి చదువు అప్పుకు సహ రుణగ్రహీతగా వెళితే బ్యాంకువారు కాదన్నారు. నా చిట్టాలో ఆ పాత అప్పు ఇంకా బకాయిగానే ఉందట. కౌన్సెలింగు గడువు వారం ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్నగారి చింపిన నోటు గుర్తొచ్చింది.

మిత్రుడి ఇంట్లో పాత ట్రంకుపెట్టె వెతికితే బ్యాంకువారి ‘బాకీ లేదు’ పత్రం దొరికింది. దాని నకలు జతచేసి చిట్టా సంస్థకూ, బ్యాంకుకూ రాశాను. సవరణ కోరితే 30 రోజుల్లో చర్య తీసుకోవాలని 2005 చట్టంలోనే ఉంది. మూడో ఉత్తరానికి దిద్దారు. ఈలోగా మొదటి ఫీజు కోసం మా ఆవిడ గాజులు తాకట్టుకు వెళ్లాయి. అవి తర్వాత తిరిగి వచ్చాయనుకోండి.

2017 నుంచి ఒక్కో సంస్థ దగ్గర ఏడాదికొకసారి పూర్తి చిట్టా ఉచితంగా తీసుకోవచ్చు. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు రూ.100 పరిహారమిచ్చే నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఇక తప్పు నిజంగా మనదే అయితే? డబ్బు తీసుకుని మచ్చ చెరిపేస్తామనే ఏజెంట్లను నమ్మకండి. నిజమైన నమోదును చెరిపే అధికారం వాళ్లకు లేదు. పాత బకాయి కట్టి, తర్వాతి వాయిదాలు తేదీ తప్పకుండా కట్టుకు రావడమే దారి, దానికి నెలలూ ఏళ్లూ పడతాయి. ఇంకొకటి: కొంత తగ్గించి రాజీ చేసుకుంటే చిట్టాలో ‘సెటిల్డ్’ అని పడుతుంది, ‘క్లోజ్డ్’ అని కాదు. ఆ తేడా తెలియక మనవాళ్లు చాలామంది రాజీకి సంతోషంగా సంతకం పెడుతున్నారు.

దిద్దిన చిట్టా ప్రతి చూపిస్తే మా మిత్రుడు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. తర్వాత లోపలికి వెళ్లి, ఆ ‘బాకీ లేదు’ పత్రం అసలు ప్రతే తెచ్చి, “ఇది ఇక మీ దగ్గరే ఉంచండి” అన్నారు.