అలల పలక కథ: అభ్యాసకునకు తగిన పలక ఏది?

సముద్రపు అలపై పలక వేసి, దానిపై నిలిచి, తీరము వైపు దూసుకొనివచ్చు ఆటకు సర్ఫింగు అని పేరు. ఆ పలకను సర్ఫుబోర్డు అందురు. ఈ ఆటలో పూర్తిగా కొత్తవానికి పెద్ద చిక్కు లేదు. ఎవరో ఒకరు పొడవైన మెత్తని పలక నొకదానిని చేతికిచ్చి నీటిలోనికి తోయుదురు. కొన్ని నెలలు శ్రమపడి, నిలబడుట నేర్చి, తనకంటూ ఒక పలకను కొనుక్కొనదలచినప్పుడే అసలు చిక్కు మొదలగును. విజేతలు వాడు చిన్నపలక కంటికి ఇంపుగా నుండును. పాతపలక మొరటుగా తోచును. ఈ ఎంపికలో పొరపడి, ఏడాదిపాటు ఒక్క అలనైనను సరిగా అందుకొనలేక ఆటనే విడిచినవారు తక్కువమంది కారు. చిక్కు ఎక్కడ నున్నదో తెలియవలెనన్న పలక చరిత్రను కొంత తిరుగవేయవలెను.

మొదట అలను గూర్చి ఒక చిన్న లెక్క. తీరమును సమీపించిన అల, నీటి లోతు తన ఎత్తునకు ఇంచుమించు 1.3 రెట్లు ఉన్నచోట విరిగిపడును. లోతు తక్కువైన నీటిలో అల వేగము, గురుత్వ త్వరణమును లోతుతో గుణించి వర్గమూలము తీసిన వచ్చును. మీటరు ఎత్తు అల 1.3 మీటర్ల లోతున విరుగును గనుక దాని వేగము సెకనునకు సుమారు 3.6 మీటర్లు, అనగా గంటకు 13 కిలోమీటర్లు. పలకపై బోర్లపడుకొని చేతులతో నీటిని తోయు అభ్యాసకుడు సెకనుకు ఒకటిన్నర మీటరు దాటి పోవుట కష్టము. మిగిలిన వేగమును అలయొక్క వాలు ఇయ్యవలెను. నీటిలో లోతుగా మునిగిన పలకను నీరు పట్టి వెనుకకు లాగును. వాలు వేగము నిచ్చులోపల అల కిందినుండి జారిపోవును. పైకి తేలియున్న పలక ముందుగనే కదలి అలతో కలిసిపోవును. కాని బాగుగా తేలు పెద్దపలక తేలికగా మలుపు తిరుగదు. తేలుట, తిరుగుట అను ఈ రెండింటి నడుమ పెనుగులాటయే పలక చరిత్ర అంతయు.

హవాయి ద్వీపవాసులు ఈ సంగతిని లెక్కలు లేకుండగనే ఎఱిగియుండిరి. వారు ముఖ్యముగా మూడు రకముల పలకలను చేసిరి. ఓలో అనునది ప్రభువుల పలక. విలివిలి అను తేలిక చెట్టు కొయ్యతో చేసినది, మిక్కిలి పొడవు, మిక్కిలి మందము. అలాయా జనసామాన్యమునకు కూడ చెందినది; కోవా కొయ్యతో గాని, సీమపనస కొయ్యతో గాని పలుచగా చెక్కబడినది. పైపో అనునది పొట్టిది. దానిపై పొట్ట ఆనించి పిల్లలు ఆడుకొనెడివారు. పాకి అను ప్రభువు వాడిన ఓలో పలకలు హొనొలూలులోని బిషప్ మ్యూజియములో నేటికిని ఉన్నవి. వానిలో ఒకటి 16 అడుగుల దరిదాపు పొడవు, 60 కిలోగ్రాములకు మించిన బరువు. ఒక మనిషి బరువున్న పలక యన్నమాట! అట్టి ఓలో విరుగని అలనైనను దూరమునుండియే అందుకొనును, కాని దానిని మలుపుట దాదాపు అసాధ్యము. అలాయా అంచు అలలో దిగి వాలుగా పోగలదు, కాని అది తేలుట తక్కువ. దానికి నిటారైన అలయు, నేర్పు గల కాలును కావలెను. వారి పిల్లలు పైపోతో మొదలిడి, అలల నడకను ఒంటితో గ్రహించిన పిమ్మటనే పెద్ద పలకల పైకి వచ్చెడివారు. కెప్టెన్ కుక్ నౌకలతో వచ్చిన జేమ్స్ కింగ్ 1779లో కెయాలకెకువా అఖాతమున ఈ ఆటను చూచి, ఆశ్చర్యముతో వ్రాసిపెట్టెను.

పిమ్మటి నూరేండ్లలో పరదేశపు వ్యాధులకు ద్వీపవాసులలో అధిక భాగము నశించిరి. 1820 నుండి వచ్చిన మత ప్రచారకులకు ఈ ఆట రుచింపలేదు. 19వ శతాబ్ది ముగియునప్పటికి అలలపై నిలుచువారు కొద్దిమంది మాత్రమే మిగిలిరి. వైకీకి తీరమున ఆట మరల చిగుర్చుట 20వ శతాబ్ది మొదటి దశకమున జరిగినది. 1907లో జార్జి ఫ్రీత్ దానిని కాలిఫోర్నియాకు కొనిపోయెను. 1912 ఒలింపిక్ ఈతపందెములో స్వర్ణపతకము నొందిన డ్యూక్ కహానమోకు 1914-15లో ఆస్ట్రేలియాకు వెళ్లి, సిడ్నీ యొద్ద ఫ్రెష్‌వాటర్ తీరమున, అక్కడి పైను కొయ్యతో తానే పలక చెక్కుకొని ఆట చూపెను. ఇసబెల్ లెథమ్ అను పదునైదేండ్ల బాలికను తన పలకపై ఎక్కించుకొని అలపై నిలిపెను. ఆ పలక నేటికిని అచ్చటి క్లబ్బులో భద్రముగా ఉన్నది.

అప్పటి పలకలు నిండు కొయ్యవి. మోసికొనిపోవుటయే ఒక వ్యాయామము. మన విశాఖ, భీమునిపట్నముల యొద్ద దుంగలు కట్టిన తెప్పలను అలలు దాటించిన బెస్తలకు ఈ బాధ తెలియును. ఒడ్డుకు వచ్చిన తెప్పను విప్పి ఆరబెట్టెడివారు, ఏలయన నీరు పీల్చిన దుంగ బరువెక్కును. కొయ్యపలకకు వార్నిషు పూసినను ఇదే ఆపద. ఆట బలిష్ఠులైన యువకుల సొత్తుగా నిలిచిపోవుటకు ముఖ్య కారణము ధైర్యము కాదు, ఈ బరువే.

బరువును తగ్గింప మొదట పూనినవాడు టామ్ బ్లేక్. ఇతడు 1920ల నడుమ హొనొలూలు మ్యూజియములోని పాత ఓలో పలకలను చూచి, అట్టివానిని తానును చేయబూని, కొయ్యకు వందలకొలది రంధ్రములు తొలచి, పైన పలుచని కొయ్య కప్పెను. క్రమముగా అది పడవవలె లోపల బోలుగా నుండు పలకగా మారెను. దానికి 1932లో పేటెంటు లభించెను. 1935లో పాడుపడిన మోటారు పడవనుండి తీసిన చిన్న లోహపు రెక్కను పలక అడుగున తోకవద్ద బిగించెను. అంతవరకు పలక తోక అలపై పక్కకు జారిపోయెడిది. మలుపవలెనన్న కాలు నీట దించి ఈడ్చుటయే గతి. చేపకు రెక్క ఎందుకో పలకకును అందుకే. ఇంత చిన్న సంగతి అన్ని శతాబ్దములు ఎవరికి తట్టకపోవుట విచిత్రమే.

బోలు పలక తేలికైనదే కాని, అతుకులు ఊడి నీరు చేరెడిది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వృద్ధి పొందిన గాజునార, రెజిన్ అను పదార్థములు ఈ చిక్కును తీర్చినవి. కాలిఫోర్నియాలో బాబ్ సిమ్మన్స్ అను గణితజ్ఞుడు, వేగముగా పోవు నౌకల అడుగు భాగమును గూర్చిన శాస్త్రగ్రంథములు చదివి, బాల్సా అను మిక్కిలి తేలిక కొయ్యపై గాజునార పొదిగి, వెడల్పైన వేగవంతమగు పలకలు చేసెను. నీరు పీల్చు బాల్సాకు గాజునార చర్మమయ్యెను.

ఇక్కడ ఒక ముచ్చట తప్పక చెప్పుకొనదగినది. 1947లో మాలిబు తీరమున ఆట నేర్చుకొనుచున్న డారిలిన్ జానక్ అను యువతికి ఒక పలక కావలసివచ్చెను. తేలికగా ఉండవలెను, అదుపునకు లొంగవలెను, ఆమె కారులో పట్టవలెను. జో క్విగ్ అను పనివాడు కొయ్యల అడితిలో తేలికైన బాల్సా ముక్కలను ఏరి, 10 అడుగుల 2 అంగుళముల పలక చేసి, గాజునార పొదిగి, రెక్క అమర్చి ఇచ్చెను. అది నేర్చుకొనువారి పలక, ఆడపిల్ల పలక. ఆరితేరిన మగవారు దానిని నవ్వులాటకై అరువు తీసికొని అలపైకి పోయిరి. పోయినవారు తిరిగి ఇచ్చుటకు ఇష్టపడలేదు! తమ బరువు పలకలపై ఎన్నడును తిప్పజాలని మలుపులు దానిపై అలవోకగా తిరిగిరి. కొద్దికాలములోనే వారును అట్టి పలకలనే అడుగసాగిరి. మాలిబు పలక అని పేరొంది తరువాతి ఇరువది యేండ్లు ఏలిన రూపమునకు మూలము ఇదియే. అభ్యాసకునకని చేసిన పనిముట్టు నిపుణుని నేర్పును పెంచుట అరుదు, ఇక్కడ జరిగినది. పలక ఆమె బలమునకు తగినట్లు కొలిచి చేయబడుటయే దాని రహస్యము.

బాల్సా దొరకుట కష్టము, చెక్కుటయు ఆలస్యము. 1958 ప్రాంతమున హోబీ ఆల్టర్, గార్డన్ క్లార్క్ అనువారు పాలీయురిథేన్ నురుగును అచ్చులో గట్టిపరచి, దానినే చెక్కుట మొదలిడిరి. మఱుసటి యేడు ఒక బాలిక ఈ ఆట నేర్చుకొను కథతో గిడ్జెట్ అను హాలీవుడ్ చిత్రము వచ్చెను. చవుకపలక, చలనచిత్రము రెండును కలిసి వేలకొలది పిల్లలను సముద్రమునకు తెచ్చినవి. అప్పటి పలకలు 9, 10 అడుగులవి. అన్నయు తమ్ముడును ఒకే పలకపై ఆడుకొనగలిగిరి.

1966లో శాన్ డియేగోలో జరిగిన ప్రపంచ పోటీలో ఆస్ట్రేలియా యువకుడు నాట్ యంగ్ 9 అడుగుల 4 అంగుళముల పలుచని పలకపై, జార్జి గ్రీనో రూపొందించిన వంగు రెక్కతో, చుఱుకైన మలుపులు తిరిగి గెలిచెను. బాబ్ మెక్‌టావిష్ మొదలగువారు మఱింత కత్తిరించిరి. 1970 నాటికి పలకలు 7 అడుగులకును అంతకంటె తక్కువకును దిగినవి. నాలుగేండ్లలో రెండు మూడడుగులు! నిపుణులకు ఇది పండుగ. కాని దుకాణములలో పొడవు పలకలు మూలబడినవి. నేర్చుకొనువాడు సైతము నిపుణుని పలకనే కొనవలసిన గతి పట్టినది. మాలిబులో జరిగిన దానికి ఇది సరిగా తలక్రిందులు. సాధారణులు పలువురు అలలు అందక విసిగిపోయిరి. పొడవు పలక మరల గౌరవము పొందుటకు 1980ల దాక ఆగవలసివచ్చినది.

పలకను కాలికి కట్టు తాడు 1970ల మొదటనే వచ్చినది. అంతకు మునుపు పలక చేజారిన ఒడ్డు దాక ఈదవలసియుండెను గనుక ఈత రానివాడు ఆట జోలికి పోయెడివాడు కాడు. మొదటి తాళ్లు రబ్బరువలె సాగి పలకను వెనుకకు విసరెడివి. అట్టి దెబ్బకు 1971లో రబ్బరు దుస్తుల తయారీదారు జాక్ ఓనీల్ ఎడమకన్ను పోయినది. 1981లో సైమన్ ఆండర్సన్ మూడు సమాన రెక్కల పలకపై గెలిచిన పిదప అదియే చిన్నపలకల ఒరవడి అయ్యెను.

కంప్యూటరుతో పలకలను గీయుట వచ్చిన తరువాత, ఒక మేలు కలిగెను. పలక ఘనపరిమాణము లీటర్లలో ఖచ్చితముగా తెలియసాగెను; నేడు పెక్కు పలకలపై పొడవు, వెడల్పు, మందములతో పాటు లీటర్లను కూడ వ్రాయుదురు. ఇక్కడ ఆర్కిమెడీసు సూత్రమును ఉపాధ్యాయులు బల్లపై లెక్కించి చూపవచ్చును. ఉప్పునీటి సాంద్రత 1.025. విద్యార్థి బరువు 65 కిలోగ్రాములు, పలక బరువు మూడున్నర అనుకొందము, మొత్తము 68.5. 65 లీటర్ల పలక పూర్తిగా మునిగినచో 66.6 కిలోగ్రాములను మోయును. పడుకొన్నప్పుడు చేతులు, కాళ్లు కొంత నీటిలో నుండును గనుక మిగిలిన రెండు కిలోగ్రాములు లెక్కకు రావు. పలక పైననే తేలును. విజేత వాడు 27 లీటర్ల పలక మోయునది 27.7 మాత్రమే. దానిపై కూర్చున్నవాడు ఱొమ్ము దాక మునుగును. మఱి అతడు ఎట్లు నిలుచును? పలక వేగము పుంజుకొన్న పిమ్మట, దాని అడుగును తాకు నీరే దానిని పైకెత్తును. చెరువు నీటిపై గులకరాయి ఎగిరిపడునట్లు. ఆ వేగమును రెప్పపాటులో, అల విరుగు అంచుననే పొందుట విజేత నేర్పు. అభ్యాసకునకు ఆ నేర్పు లేదు. నేర్చుకొనుటకు అలలు దొరకవలెను, అలలు దొరకుటకు తేలవలెను.

వాడుకలో నున్న ఒక కొలత ప్రకారము కొత్తవానికి కిలో బరువునకు సుమారు ఒక లీటరు, నిలబడి వాలుగా పోవుట వచ్చినవానికి 0.6 నుండి 0.7 లీటరు, పోటీదారునకు 0.35 నుండి 0.4 లీటరు చాలును. 65 కిలోల అభ్యాసకునకు రెండవ పలక 40 నుండి 45 లీటర్ల వద్ద ఉండును. ఏడడుగుల దరిదాపు, కొంత వెడల్పు, గుండ్రని ముక్కు. ఇది శాసనము కాదు. వయసు మీరినవాడు, ఏడాదికి పదిమార్లు మాత్రమే సముద్రమునకు పోగలవాడు ఇంకొక అయిదు పది లీటర్లు కలుపుకొనవలెను.

లీటర్లు ఒక్కటే చూచిన మరల పొరపాటే. 45 లీటర్లు పొట్టి మందపు పలకలోను పట్టును, పొడవైన పలుచని పలకలోను పట్టును. మందము మధ్యభాగమున కాక ఱొమ్ము క్రింద నున్నప్పుడు చేతులతో తోయుట సులువు. ముక్కునుండి తోకకు గల వంపు ఎక్కువైన, నిటారు అలలలో ముక్కు గ్రుచ్చుకొనదు. కాని మెత్తని అలలలో అదే వంపు నీటిని తోయుచు వేగమును తినివేయును. కావున కొనబోవువాడు తన తీరపు అలలను ముందుగా చూడవలెను. ఏడాదిలో ఎక్కువ దినములు నడుము లోతు మెత్తని అలలే వచ్చు తీరమున, హవాయి ఉత్తర తీరపు అలలకని వంచిన పలక కొనువాడు డబ్బు పోగొట్టుకొనుటయే కాక, తప్పు తనదేమో అని కూడ దుఃఖించును.

పలక మార్చుటకు సమయము వచ్చినదని చెప్పు గుర్తు కూడ ఒకటి కలదు. పాతపలకపై కోరిన అలలో సగమునకు పైగా అందుచుండి, నిలిచిన తరువాత కోరిన వైపునకు తిప్పుటలో మాత్రము పలకయే అడ్డు తగులుచున్నచో, నాలుగైదు అంగుళములు తగ్గించి చూడవచ్చును. అలలే అందనప్పుడు పలక తగ్గించిన లాభము లేదు. చాలమంది అనుభవజ్ఞులు పాతపలకను అమ్మక ఇంటనే ఉంచుకొందురు. అలలు చిన్నవైన దినమున అదియే నీటిలోనికి పోవును.