సింథ్‌కి రెండు కేబుళ్ళు ఎందుకు? 1983 నాటి ఒక నిర్ణయం

నన్ను చాలామంది అడిగే ప్రశ్నతోనే మొదలుపెడదాం. చర్చిలో కీబోర్డు వాయించే తమ్ముళ్ళయితే మరీ ఎక్కువ అడుగుతారు. డబ్బులు కూడబెట్టి సెకండ్ హ్యాండ్‌లో ఒక సింథసైజర్ కొంటారు. యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలుపుతారు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి వాయిస్తే స్క్రీన్ మీద నోట్స్ చక్కగా పడతాయి. కానీ ప్లే నొక్కితే సాఫ్ట్‌వేర్‌లోని పియానో ఏదో మోగుతుంది. డబ్బులు పోసి కొన్న ఆ సింథ్ సౌండ్ మాత్రం ఉండదు. "అన్నా, పీస్ పాడైపోయిందా? వెనక్కి ఇచ్చేయనా?" అంటారు.

ఆగండి, ఇవ్వకండి. చాలా సింథ్‌ల తీరే అంత. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1970ల్లో ఒక కంపెనీ సింథ్‌కి ఇంకో కంపెనీ సింథ్ భాష తెలీదు. నోట్ ఏదో చెప్పడానికి వోల్టేజీ పంపేవాళ్ళు. మూగ్, రోలాండ్ పద్ధతిలో ఒక వోల్టు పెరిగితే ఒక ఆక్టేవ్ పెరుగుతుంది. కోర్గ్, యమహా చాలా మోడళ్ళలో ఆక్టేవ్ పెరగాలంటే వోల్టేజీ రెట్టింపు కావాలి. ఈ రెండూ కలిపితే ఇక శ్రుతి గోవిందా.

దీనికి పరిష్కారం వెతికినవాళ్ళలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు జపాన్‌లో రోలాండ్ పెట్టిన ఇకుతారో కాకెహాషి, ఇంకొకరు అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్. మార్కెట్‌లో ఇద్దరూ పోటీదారులే. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన నామ్ ప్రదర్శనలో ప్రాఫెట్-600ని, జూపిటర్-6ని ఒక కేబుల్‌తో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది కూడా మోగింది. అదే మిడి. లైసెన్సు ఫీజు కూడా పెట్టలేదు. నన్నడిగితే టెక్నాలజీ కంటే అదే పెద్ద విషయం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ కేబుల్‌లో సౌండ్ వెళ్ళదు. ఏ కీ నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అనే కబురు మాత్రమే వెళ్తుంది. స్వరాలు కాగితం మీద రాసి పక్కూరికి పంపినట్టు. అక్కడ ఎవరి దగ్గర ఏ వాయిద్యం ఉంటే అది మోగుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో పియానో మోగింది అందుకే!

సౌండే పంపొచ్చు కదా అంటారా? లెక్క చూడండి. మిడి వేగం సెకనుకి 31,250 బిట్లు. సీడీ నాణ్యతలో స్టీరియో ఆడియోకి సెకనుకి 14,11,200 బిట్లు కావాలి. అంటే దాదాపు 45 రెట్లు. అదే ఒక నోట్ కబురు అయితే మూడు బైట్లు, ఒక మిల్లీసెకనులో చేరిపోతుంది. అప్పటి చవక చిప్పులతో చేయగలిగింది అదే, చాలా తెలివిగా చేశారు.

1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌కి మిడి పోర్టులు పుట్టుకతోనే ఉన్నాయి. కానీ అందులో కూడా రికార్డయ్యేది నోట్సే, సౌండ్ టేపు మీదకే వెళ్ళేది. 1991లో ప్రో టూల్స్ లాంటివి వచ్చాక ఆడియో కూడా కంప్యూటర్‌లోకి రావడం మొదలైంది. అప్పుడు ఆలస్యం సమస్య వచ్చింది: ఇప్పుడు నొక్కితే కాసేపాగి వినబడటం. విండోస్ తన మిక్సర్ గుండా తిప్పడం వల్ల అయ్యే ఆలస్యాన్ని తప్పించడానికి 1997లో స్టైన్‌బర్గ్ కంపెనీ ఆసియో డ్రైవర్ తెచ్చింది. బఫర్ 256 శాంపిళ్ళయితే సుమారు 6 మిల్లీసెకన్లు, 1024 అయితే 23. ఇది ఒక వైపు లెక్క మాత్రమే. 23 దగ్గర వేళ్ళు తడబడతాయి.

తర్వాత మిడి కూడా యూఎస్‌బీలోకి దూరింది. గందరగోళం అక్కడే మొదలైంది. కొన్ని సింథ్‌లు అదే తీగలో ఆడియో కూడా పంపుతాయి, చాలావి పంపవు. బయటికి చూస్తే సాకెట్ ఒకటే! మాన్యువల్‌లో "యూఎస్‌బీ ఆడియో" అని ఉందేమో చూడండి. లేకపోతే రెండో కేబుల్ తప్పదు. సింథ్ వెనక లెఫ్ట్, రైట్ అవుట్‌పుట్ల నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్లకి రెండు జాక్ కేబుళ్ళు. (ఆ జాక్ పాతకాలపు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల నుంచి వచ్చింది, మిడి కంటే దాదాపు వందేళ్ళు పెద్దది.) సాఫ్ట్‌వేర్‌లో మిడి ట్రాక్ కాకుండా ఆడియో ట్రాక్ తెరిచి, ఆ ఇన్‌పుట్లు ఎంచుకోండి. వాయించేటప్పుడు ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ ఆన్ చేసుకుంటే ఆలస్యం బాధ ఉండదు.

ఇంకో చిన్న మాట. రెండు కేబుళ్ళూ పెట్టాక గుయ్‌మని హమ్ రావచ్చు. యూఎస్‌బీ, ఆడియో కేబుళ్ళు రెండూ కలిసి గ్రౌండ్ లూప్ అవుతాయి. 1983 వాళ్ళు దీన్ని ముందే ఊహించి, మిడి ఇన్‌పుట్‌లో ఆప్టో ఐసొలేటర్ పెట్టారు. కబురు లోపల వెలుగు రూపంలో దాటుతుంది, కరెంటు దాటదు. కాబట్టి హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. తగ్గిందంటే, మీ ఇంటర్‌ఫేస్‌కి ఐదు పిన్నుల మిడి సాకెట్ ఉంటే, యూఎస్‌బీ పీకేసి ఆ పాత కేబుల్‌తోనే కలపండి.