లండను బాప్తిస్మపు తొట్టి దగ్గర మన దేశపు యువకుడు

సంఘ చరిత్ర వ్రాయబూనినవారు మొదట తెరువవలసిన పుస్తకము బాప్తిస్మముల రిజిష్టరు. అట్టి ఒక రిజిష్టరులో, లండను నగరములోని సెయింట్ డయోనిస్ బ్యాక్‌చర్చి అనే పాత పారిష్ దేవాలయములో, 1616 డిసెంబరు 22వ తేదీన మన దేశపు యువకుడొకడు బాప్తిస్మము పొందినట్లు వ్రాసి ఉన్నది. ఫెన్‌చర్చి వీధికి కొంచెము వెనుకగా ఉండుటచేత ఆ దేవాలయమునకు బ్యాక్‌చర్చి అని పేరు. పారిసులో హతసాక్షియైన డెనిస్ బిషప్పు పేరిట వెలసినది.

1611లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీవారు మచిలీపట్టణములో వర్తకము ప్రారంభించారు. అది అప్పుడు గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. కంపెనీ ఓడల గురువు పాట్రిక్ కోప్లాండు 1614లో ఇంగ్లాండుకు తిరిగి వెళ్లినప్పుడు ఈ యువకుని వెంట తీసికొనిపోయెను. బంగాళాఖాత ప్రాంతములో పుట్టినవాడని ఆనాటి వ్రాతలు. మచిలీపట్టణపువాడని చరిత్రకారులు వ్రాశారు. నేడు మన కొత్తూరు ప్రక్కనున్న శంషాబాదులో విమానమెక్కితే లండను చేరుటకు సుమారు పది గంటలు. ఆ బిడ్డకు నెలల తరబడి సముద్రమే.

కంపెనీవారు అతని చదువునకు సొమ్ము కేటాయించారు. చదువుకొని, తిరిగి వెళ్లి, స్వజనులకు సువార్త చెప్పవలెనని వారి ఉద్దేశము. బాప్తిస్మము ఇచ్చుటకు ముందు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అభిప్రాయము కూడ అడిగారు. ఆ దినమున రాజుగారి మంత్రాంగ సభ్యులు, లండను మేయరు, కంపెనీ పెద్దలు హాజరైరి. పేరు పెట్టినది మొదటి జేమ్సు రాజు. పీటరు అన్నాడు. ఈ వైభవములో వర్తకుల ఆర్భాటము కొంత లేకపోలేదని నా అభిప్రాయము.

నన్ను ఎక్కువగా బాధించేది వేరొకటి. కన్నతల్లి అతనికి పెట్టిన పేరేమిటి? రిజిష్టరులో తూర్పు ఇండియావాడని, పీటరని ఉన్నదే గాని, ఆ పేరు లేదు, తల్లిదండ్రుల పేర్లు లేవు, ఊరు లేదు. మన సంఘాల రిజిష్టరులో వీటన్నిటికీ గడులున్నవి. ఎల్లయ్య ఏలియా అయినప్పుడు రెండు పేర్లూ, తండ్రి పేరు, గ్రామము పేరు వ్రాసిపెట్టిన గురువుల ఉపకారము ఇట్టిచోట తెలియును. ఆ గడులను ఖాళీగా వదలినవారి సంగతి చెప్పనక్కరలేదు.

పీటరు 1617లో కోప్లాండుతోనే ఓడ ఎక్కి తూర్పుకు వచ్చాడు. 1620లో కంపెనీ పెద్దలకు అతడు లాటిన్‌లో వ్రాసిన ఉత్తరాలను కోప్లాండు 1622లో అచ్చువేయించాడు. వాటి క్రింద పేత్రుస్ పాపా అని సంతకము. మన ఇండ్లలోని పాప కాదు. లాటిన్‌లో ఆ మాటకు పోపు అని అర్థము. ప్రొటెస్టంటు దొరల నడుమ ఆ ఇంటిపేరు ఎట్లు వచ్చినదోగాని, వినుటకు చిత్రమే! ఆ ఉత్తరాల తరువాత అతని మాట చరిత్రలో వినబడదు.

1666 నాటి లండను మహాగ్నిలో ఆ దేవాలయము కాలిపోయినది. సుప్రసిద్ధ శిల్పి క్రిస్టొఫర్ రెన్ దానిని 1674 నాటికి తిరిగి కట్టెను. నగరమధ్యములో కాపురముండేవారు తగ్గిపోగా 1878లో దానినీ పడగొట్టారు. దాని సొమ్ముతో పార్సన్స్ గ్రీన్ అనేచోట 1885లో అదే పేరున క్రొత్త దేవాలయము లేచినది. పాతదాని ప్రసంగ వేదిక, బాప్తిస్మపు తొట్టి అక్కడకే చేరినవి. లండను వెళ్లినవారు దానిని చూడవచ్చునుగాని, పీటరు తల వంచిన తొట్టి అదే అనుకొనరాదు. అది అగ్ని తరువాతి దేవాలయపు తొట్టి.

రిజిష్టరు మాత్రము దక్కినది. 1538 నుండి ఉన్న ఆ పుస్తకమును హార్లియన్ సొసైటీవారు అచ్చువేసినది కూడ ఆ 1878లోనే. అదే సంవత్సరము జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతములో, వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో, బాప్టిస్టు మిషను గురువులు ఒక్క దినమున 2,222 మంది తెలుగువారికి బాప్తిస్మమిచ్చిరి.