సిగరెట్ పెట్టె రంగు పోయిన కథ

ఆస్ట్రేలియాలో సిగరెట్ పెట్టెకు కంపెనీ రంగు ఉండదు. ఏ బ్రాండైనా ఒకటే మురికి గోధుమ రంగు, ఒకటే తీరు అక్షరాలు, పైన భయంకరమైన రోగం ఫొటో. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన నేను ఈ పెట్టె కథ మన ఊరు చిల్పూర్ వాళ్లకు చెప్పాలనుకోవడానికి కారణముంది.

1976లో ఇక్కడ టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు ఆగాయి. కంపెనీలు ఆటల పోటీల వైపు మళ్లాయి. 1987లో మా విక్టోరియా రాష్ట్రం పొగాకు మీద సుంకం వేసి, ఆ డబ్బుతో విక్‌హెల్త్ అనే సంస్థను పెట్టింది. ఆటల జట్లకు సిగరెట్ కంపెనీలిచ్చే సొమ్ము అప్పటి నుంచి ఆ సంస్థే ఇచ్చింది. ఈ చరిత్రంతటిలో నాకు బాగా నచ్చింది ఇదే. వద్దని చెప్పి ఊరుకోలేదు, పోయే డబ్బుకు బదులు చూపించారు. 1992 చట్టంతో మిగతా ప్రకటనలూ పోయాయి. కంపెనీల చేతిలో ఇక పెట్టె ఒక్కటే మిగిలింది.

దాన్నీ తీసేసింది ఆరోగ్య మంత్రి నికోలా రాక్సన్. పొగతాగే తండ్రి క్యాన్సర్‌తో పోయేనాటికి ఆమెకు పదేళ్లు. 2011లో వచ్చిన చట్టం 2012 డిసెంబరు 1 నుంచి పూర్తిగా అమలైంది. మా ట్రేడ్‌మార్కులను ప్రభుత్వం గుంజుకుందంటూ కంపెనీలు దేశ అత్యున్నత న్యాయస్థానానికెక్కాయి. మీకు నష్టం జరిగినా ప్రభుత్వానికి దక్కిన ఆస్తి ఏమీ లేదని కోర్టు ఆ వాదన కొట్టేసింది. హాంకాంగ్‌తో ఉన్న ఒప్పందాన్ని పట్టుకుని ఫిలిప్ మోరిస్ కంపెనీ వేసిన కేసు 2015లో వీగిపోయింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో పోరు 2020 దాకా సాగింది, అక్కడా ఆస్ట్రేలియాదే గెలుపు.

అంతా బాగుందని చెప్పను. సుంకం విపరీతంగా పెరగడంతో దొంగ సిగరెట్ల వ్యాపారం బలిసింది, ముఠాల గొడవల్లో మెల్‌బోర్న్‌లో దుకాణాలు తగలబడుతున్నాయి.

2025 నుంచి ఇక్కడ ఒక్కో సిగరెట్ మీదే హెచ్చరిక అచ్చేస్తున్నారు. నాకు వెంటనే మన ఊరి కిరాణం దుకాణాలు గుర్తొచ్చాయి. భారతదేశంలో 2016 నుంచి పెట్టె మీద 85 శాతం జాగా హెచ్చరికదే. కానీ మనవాళ్లలో చాలామంది ఒక్కటే కొంటారు, బొమ్మున్న పెట్టె దుకాణంలోనే ఉండిపోతుంది. తునికాకు చుట్టిన బీడీ మీద అచ్చువేయడం ఎట్లా? విడి అమ్మకాన్నే ఆపాలి.

ఆపితే భూపాలపల్లి అడవుల్లో తునికాకు తెంపేవాళ్లు, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే అక్కలు ఏమైపోవాలి? విక్టోరియాలో మిర్టిల్‌ఫర్డ్ చుట్టుపక్కల పొగాకు రైతులు 2006లో పరిహారం తీసుకుని సాగు మానేశారు. మన దగ్గరా ఆ లెక్క చట్టంతో పాటే రావాలి.