టెంపుల్ బార్: మూడు చోట్ల నిలిచిన నగర ద్వారం

లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్, స్ట్రాండ్ వీధులు కలిసే చోటు పాత నగరానికి, అంటే సిటీ ఆఫ్ లండన్‌కు, పడమటి పొలిమేర. అక్కడ అడ్డుకట్ట ఉన్నట్టు 1293 నుంచే ప్రస్తావన కనిపిస్తుంది. మొదట్లో గుంజలకు కట్టిన గొలుసు లాంటిదేదో ఉండేదంటారు. 14వ శతాబ్దం నడిమికి అది పైన చెరసాల గది ఉన్న కొయ్య ద్వారమైంది.

1666 నాటి మహా అగ్నిప్రమాదం టెంపుల్ బార్ దాకా రాలేదు. అయినా పాత ద్వారం తీసేసి, 1669–72 మధ్య పోర్ట్‌లాండ్ రాతితో కొత్తది కట్టారు. రూపకర్త క్రిస్టఫర్ రెన్ అని ప్రతీతి. స్టువర్ట్ రాజవంశీకుల విగ్రహాలను జాన్ బుష్‌నెల్ చెక్కాడు. ఇంత అందమైన ద్వారం నెత్తిన రాజద్రోహుల తలలను ఇనుప చువ్వలకు గుచ్చేవారు. 1746లో జాకొబైట్ తిరుగుబాటుదారుల తలలు పెట్టినప్పుడు, వాటిని దగ్గరగా చూపించడానికి దుర్భిణులు అద్దెకిచ్చి అర పెన్నీ చొప్పున వసూలు చేశారట. ఆ తలల కిందే, ద్వారంపై గదిలో, చైల్డ్స్ బ్యాంకు తన పాత లెక్కల పుస్తకాలు భద్రపరచుకునేది.

నగరపు మిగతా ద్వారాలు 18వ శతాబ్దంలోనే నేలమట్టమయ్యాయి. టెంపుల్ బార్ మరో నూరేళ్లు ఆగింది. బండ్ల రద్దీ పెరిగి, పక్కనే కొత్త న్యాయస్థాన భవనాల పని మొదలయ్యాక 1878లో దాన్ని విప్పేశారు. దాదాపు 2,700 రాళ్లకు అంకెలు వేసి దాచారే తప్ప, తిరిగి ఎక్కడ నిలపాలో నగర పాలకులు తేల్చలేదు. పాత చోట 1880లో డ్రాగన్ బొమ్మతో స్మారక స్తంభం వెలిసింది.

చివరికి బీరు కర్మాగారం యజమాని సర్ హెన్రీ మ్యూక్స్ ఆ రాళ్లు కొని, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని తన థియోబాల్డ్స్ పార్కు ఎస్టేటు ముఖద్వారంగా నిలబెట్టాడు. పట్టుబట్టింది ఆయన భార్య వాలెరీ. పైగదిలో ఆమె విందులిచ్చేది. సంపన్నుల దర్పమే అనుకున్నా, ద్వారం బతికి బట్టకట్టింది వాళ్ల వల్లనే. తర్వాతి కాలంలో అది పట్టించుకునేవారు లేక పాడుబడింది. 1984లో టెంపుల్ బార్ ట్రస్టు ఒక్క పౌనుకు కొంది. మళ్లీ విప్పి తెచ్చి, సెయింట్ పాల్స్ కెథడ్రల్ పక్కన పాటర్‌నోస్టర్ స్క్వేర్ ముఖాన నిలిపి, 2004 నవంబరులో తెరిచారు.

నగరానికైతే వచ్చింది కానీ తన పొలిమేరకు రాలేదు. ప్రభుత్వ లాంఛనాలతో వచ్చే రాజుకు లార్డ్ మేయర్ ఖడ్గం అందించి స్వాగతం పలికే తంతు మాత్రం ఇప్పటికీ ఫ్లీట్ స్ట్రీట్ మొదట్లో, ద్వారం లేని పాత చోటనే సాగుతుంది.