ఓడిపోయిన తీర్పు 55 ఏళ్ళకి ఎలా గెలిచింది?

ఈరోజు ఒక ఓడిపోయిన తీర్పు గురించి చెప్తాను. తీర్పు ఓడిపోవడం ఏంటి అంటారా? వినండి.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. 1941లో బందిపోటు దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేదని వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. మన దగ్గర రౌడీ షీట్ అంటాం చూడండి, దాదాపు అలాంటిదే. ఇక రాత్రిళ్ళు కానిస్టేబుళ్ళు, చౌకీదార్లు వచ్చి తలుపు కొట్టడం, గట్టిగా అరవడం, నిద్ర లేపి ఇంట్లో ఉన్నాడో లేడో చూసుకోవడం. వేరే ఊరు వెళ్ళాలన్నా చెప్పి వెళ్ళాలి. విసిగిపోయి ఆయన నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్ళాడు.

1962 డిసెంబర్ 18న ఆరుగురు జడ్జీల బెంచ్ తీర్పు ఇచ్చింది. రాత్రిపూట ఇంటి మీదకి రావడం చెల్లదని ఆరుగురూ అన్నారు. కానీ వెంట తిరిగి నిఘా పెట్టడం తప్పేం కాదన్నారు నలుగురు. ఎందుకంటే మన రాజ్యాంగంలో ప్రైవసీ అనే హక్కే లేదట! నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంటికి రావద్దని చెప్పి వాళ్ళు కాపాడింది ప్రైవసీని కాకపోతే మరి దేన్ని?

ఇద్దరు మాత్రం ఒప్పుకోలేదు. ఒకరు జె.సి. షా. రెండోవారు, ఆ తీర్పు రాసినవారు, మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైనప్పుడు మొదటి చీఫ్ జస్టిస్ ఈయనే. తర్వాత దేశానికే చీఫ్ జస్టిస్ అయ్యారు, 1967లో రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా కథ.

ఆయన లాజిక్ సింపుల్. కాళ్ళకి సంకెళ్ళు లేకపోతే చాలదు. ఎక్కడికెళ్ళినా పోలీసు కన్ను వెంట ఉంటే మనిషి మనసులోనే ముడుచుకుపోతాడు, అప్పుడు దేశం మొత్తం అతనికి జైలే. కాబట్టి ప్రైవసీ అనే మాట రాజ్యాంగంలో లేకపోయినా, స్వేచ్ఛ అన్నదాంట్లోనే అది ఉంది అన్నారు. కానీ ఆరుగురిలో ఇద్దరి మాట చట్టం అవ్వదు కదా. అలా పుస్తకాల్లో ఉండిపోయింది.

2012కి వద్దాం. కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు ఆధార్ మీద కేసు వేశారు. 2015లో ప్రభుత్వం ఏమని వాదించింది? ప్రైవసీ ప్రాథమిక హక్కు కాదు, కావాలంటే ఖరక్ సింగ్ తీర్పు చూడండి అని! అప్పుడు కృష్ణా జిల్లాకి చెందిన జస్టిస్ చలమేశ్వర్ గారి బెంచ్, ఇది తేలాలంటే పెద్ద బెంచ్ కావాలంది. 1954లో ఎనిమిది మంది జడ్జీల తీర్పు కూడా ఒకటి అడ్డంగా ఉంది. దాన్ని దాటాలంటే తొమ్మిది మంది కూర్చోవాలి.

కూర్చున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఒకే మాట చెప్పారు, ప్రైవసీ ప్రాథమిక హక్కే అని. 1962లో ఆ నలుగురు అన్నది కొట్టేశారు, సుబ్బారావు గారి మాట నిలబడింది. అది చూడ్డానికి ఆయన లేరు.

సిమ్‌కి ఆధార్ లింక్ చేయకపోతే నంబర్ కట్ అవుతుందని అప్పట్లో మెసేజ్‌లు వచ్చేవి, మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. 2018 సెప్టెంబర్‌లో ఆ బలవంతపు లింకింగ్ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆధార్ చట్టాన్ని మాత్రం చాలావరకు నిలబెట్టింది, 4-1 తేడాతో. ఆ ఒక్కరు జస్టిస్ డి.వై. చంద్రచూడ్. ఆయన రాసింది కూడా ఇప్పుడు ఓడిపోయిన తీర్పుల లిస్టులోనే ఉంది.